ఎమ్మారై టెండరు రాసే పెద్దలకు పర్లాకిమిడి మనిషి ఉత్తరం

కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి. ఈ జిల్లాల ఆసుపత్రులకు ఎమ్మారై యంత్రం కొనాలన్నా, నడిపే పని ఎవరికైనా కాంట్రాక్టుకు ఇవ్వాలన్నా ముందుగా మీ బల్ల మీదకొచ్చేది టెండరు కాగితం. అందులో మీరేం రాస్తే అదే ఒక పదేళ్లపాటు మా వాళ్ల నడుములూ మోకాళ్లూ తలలూ చూస్తుంది. ఆ కాగితంలో మామూలుగా కనబడని ఒక సంగతి గురించే ఈ ఉత్తరం.

నాది పర్లాకిమిడి. ఉద్యోగం విశాఖపట్నంలో, ఒక స్కానింగ్ సెంటర్లో. పద్నాలుగేళ్లుగా ఎమ్మారై టెక్నీషియన్ని. డాక్టర్ని కాను, ఇంజనీర్ని కాను. అద్దం ఇవతల కూర్చుని మీట నొక్కేవాణ్ణి, లోపల పడుకున్నవాళ్ల మూలుగు మైకులో వినేవాణ్ణి. ఒడియాలో ఒక ప్రతి మీకు విడిగా పంపాను. ఇది తెలుగులో రాయడానికి కారణం, ఆ యంత్రం కోసం ఎదురుచూసేవాళ్లలో చాలామంది ఇళ్లలో మాట్లాడేది ఇదే కాబట్టి. వాడుక భాషలో రాస్తే తప్పేమిటని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది మా ఊళ్లో బడిపంతులుగా ఉంటూనే. ఆ ధైర్యంతోనే టెక్నికల్ విషయం కూడా మామూలు మాటల్లో చెబుతున్నాను.

గుణుపూరు నుంచి వచ్చే ప్యాసింజరు విశాఖలో దిగే వేళకి మా సెంటర్ ముందు వరస మొదలవుతుంది. మొహాలు చూస్తే చెప్పేయగలను, వీళ్లు మన వైపు వాళ్లని. టిఫిను డబ్బా, దుప్పటి, ఒకే ఊరి నుంచి ఇద్దరు రోగులకు ముగ్గురు తోడు. మొన్న వేసవిలో ఒక తాతని తీసుకొచ్చారు, వంశధార ఒడ్డున ఊరు. నడుం నొప్పి, ఎడమ కాలు తిమ్మిరి. వెల్లకిలా పడుకోవడమే ఆయనకి నరకం. మోకాళ్ల కింద దిండు పెట్టి, చేతిలో బంతి పెట్టి, "కదలకు తాతా, కష్టమైతే ఇది నొక్కు" అని చెప్పి వచ్చాను. మొదటి సీక్వెన్సు, అంటే ఒక రకం బొమ్మలు తీసే ఒక విడత, బాగానే వచ్చింది. రెండోది వెన్నుపూసల టీ2 (నీళ్లు తెల్లగా కనబడే రకం బొమ్మ), నాలుగు నిమిషాలు. మూడో నిమిషం దగ్గర ఎడమ మోకాలు కాస్త దగ్గరికి లాక్కున్నాడు. అంతే. తెర మీద ఒక వెన్నెముక ఉండాల్సిన చోట దాని నీడలు నాలుగు తేలాయి. మళ్లీ మొదటి నుంచి. "ఇంకెంతసేపుంటాది బాబూ, నడుం ఇరిగిపోతంది" అని మైకులో గొంతు. ఇరవై అయిదు నిమిషాల స్కాను నలభై అయిదు నిమిషాలు పట్టింది. బయట కూర్చున్న పదకొండో నంబరు మనిషికి సాయంత్రం బండి తప్పిపోయింది.

మూడు నిమిషాలు రాయిలా పడుకున్నాడు కదా, ఒక్క క్షణం కదిలితే మొత్తం ఎందుకు పాడవాలి? ఈ ప్రశ్నకి జవాబులోనే నేను మీకు చెప్పాల్సిందంతా ఉంది.

ఎమ్మారై ఫొటో తీయదు. మన ఒంట్లో నీళ్లలోనూ కొవ్వులోనూ హైడ్రోజన్ ఉంటుంది. 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) అయస్కాంతంలో పెడితే దాని కేంద్రకాలు సుమారు 64 మెగాహెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. మన ఎఫ్‌ఎం రేడియో 88 దగ్గర మొదలవుతుంది కదా, దానికి కొంచెం కింద. (ఆ గదికి లోపల రాగి రేకు తాపడం చేసేది కూడా ఇందుకే, బయటి రేడియో మోత లోపలికి జొరబడకుండా.) యంత్రం ఆ పలుకుని గీత తర్వాత గీతగా పట్టి దాచుకుంటుంది. తెర మీద మనం చూసే బొమ్మ ఆ గీతల్లోంచి లెక్కగట్టి తయారుచేసింది. ఆ లెక్కకే రీకన్‌స్ట్రక్షన్ అని పేరు.

మా ఊళ్లో పెళ్లి ఊరేగింపు వీధి మలుపు తిరక్కముందే ఇంట్లో వాళ్లకి తెలిసిపోతుంది. ముందు డోలు మోత వస్తుంది, ఏదో ఊరేగింపు వస్తోందని అర్థమవుతుంది. సన్నాయి కూడా చెవినపడితేనే ఏ పాటో, ఎవరి మేళమో తెలుస్తుంది. ఎమ్మారై గీతల్లోనూ మధ్యలో ఉండేవి డోలు లాంటివి. బొమ్మ నలుపుతెలుపులు, స్థూలమైన ఆకారం వాటివల్లే వస్తాయి. అంచుల్లో ఉండే గీతలు సన్నాయి. సన్నటి నరం అంచు, మృదులాస్థిలో చీలిక వాటిలో ఉంటాయి. డోలు మోతలో ఒక్క దెబ్బని పట్టుకుని "ఇది పెళ్లికొడుకు గుర్రానిది" అనలేం కదా, అలాగే ఒక్కో గీతలో మొత్తం బొమ్మ కొంచెం కొంచెం కలిసి ఉంటుంది. ముక్కుకొక గీత, చెవికొక గీత అని ఉండదు. అందుకే మధ్యలో కదిలిన తాత మోకాలు వెన్నెముకంతా పాడుచేసింది.

ఇక టైము లెక్క. పాత పద్ధతిలో ఒక బొమ్మకు 256 గీతలు కావాలనుకోండి. టీ2 రకం బొమ్మకి గీతకీ గీతకీ మధ్య 3 సెకన్లు ఆగాలి, కేంద్రకాలు మళ్లీ సర్దుకోవడానికి. 256ని 3తో హెచ్చిస్తే 768 సెకన్లు. 12 నిమిషాల 48 సెకన్లు, ఒక్క సీక్వెన్సుకి! 1986లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో యుర్గెన్ హెన్నిగ్ తోటివాళ్లతో కలిసి, ఒక్క దఫాలోనే వరసగా చాలా గీతలు పట్టే ఉపాయం చూపించారు. దఫాకి 16 గీతలు పడితే అదే పని 48 సెకన్లలో అయిపోతుంది. ఇవాళ మేం రోజూ నడిపేది ఆ పద్ధతి సంతానమే. మరి తాతకి నాలుగు నిమిషాలెందుకంటే, ఇంకా సన్నగా కనబడాలని గీతలు పెంచుతాం, మసక తగ్గాలని ఒకే గీతని రెండు మూడు సార్లు పట్టి సగటు కడతాం. మిగిల్చిన టైమంతా నాణ్యతకి ఖర్చయిపోతుంది.

యంత్రాన్నే ఇంకా గబగబా నడిపిస్తే సరిపోదా అని మీరడగొచ్చు. లోపల టకటకమని మోత వస్తుంది కదా, అది గ్రేడియంట్ కాయిళ్లలో, అంటే అయస్కాంత బలాన్ని చోటుకో రకంగా మార్చే తీగచుట్టల్లో, కరెంటు మారుతున్న చప్పుడు. దాన్ని మరీ వేగంగా మారిస్తే లోపల ఉన్న మనిషి నరాలు అదురుతాయి, కండరాలు వాటంతటవే లాగుతాయి. మనిషి ఒళ్లే అక్కడ అడ్డం నిలబడింది. ఎంత డబ్బు పెట్టినా ఆ గీత దాటలేం.

కాబట్టి మిగిలిన దారి ఒక్కటే. గీతలు తక్కువ పట్టడం, పట్టని గీతల లోటుని లెక్కతో పూడ్చడం.

ఒకటి విడిచి ఒకటి పడితే టైము సగమవుతుంది. కాని బొమ్మ చీర మడతపెట్టినట్టు తనమీద తానే పడుతుంది. ముక్కు మీద మెడ, మెడ మీద ముక్కు. ఆ మడత విప్పడానికి వాడింది ఒంటి పలుకుని వినే కాయిళ్లని. తల చుట్టూ ఒక్క కాయిల్ బదులు ఎనిమిదో పదహారో పెడతారు. కుడి చెవి దగ్గరున్న కాయిల్‌కి కుడిపక్క గట్టిగా వినబడుతుంది, ఎడమపక్క నీరసంగా. ఎవరికెంత వినబడిందో తెలిస్తే ఏ పొర ఎక్కడిదో లెక్కగట్టొచ్చు. 1999లో జ్యూరిక్‌లో ప్రూస్‌మాన్ బృందం చెప్పిన సెన్స్ పద్ధతి, 2002లో గ్రిస్‌వోల్డ్ బృందం చెప్పిన గ్రాపా పద్ధతి రెండూ ఈ కోవలోవే. ఇప్పుడు 1.5 టెస్లా యంత్రాల్లో ఇవి మామూలైపోయాయి. వీటికో ఖర్చుంది. గీతలు సగం చేస్తే మసక రెట్టింపు కాదు గాని, రెండు వర్గమూలం మేరకు, అంటే దాదాపు 1.4 రెట్లు తప్పకుండా పెరుగుతుంది. కాయిళ్లు సరిగ్గా అమర్చకపోతే ఇంకా ఎక్కువ. మూడో నాలుగో రెట్లకి పోతే బొమ్మ మధ్యలో ఇసక చల్లినట్టుంటుంది.

తర్వాతి మెట్టు నాకు చాలా ఇష్టం. మా అమ్మ ముగ్గు గుర్తొస్తుంది కాబట్టి.

సంక్రాంతి నెలలో తెల్లవారుజామున మా అమ్మ చుక్కల ముగ్గు పెట్టేది. ఒకసారి వాకిట్లోంచి సైకిలు తోలుకుపోయి సగం ముగ్గు చెరిపేశాను. ఆవిడ తిట్టుకుంటూనే, మిగిలిన చుక్కల్ని ఒక్కసారి చూసి, పోయిన భాగమంతా మళ్లీ వేసేసింది. ఎలా వేసింది? ముగ్గుకో కట్టడి ఉంది. ఒక మూల చూస్తే రెండో మూల తెలుస్తుంది. గీత ఎక్కడా ఊరికే ఆగదు, చుక్కని చుట్టి తిరిగొస్తుంది. ఒంటి బొమ్మకీ అలాంటి కట్టడి ఉంది. పక్కపక్కనున్న చుక్కలు చాలావరకు ఒకే రంగు, అంచులు మాత్రమే మారతాయి. ఫోన్లో ఫొటో చిన్న సైజు ఫైల్‌గా కుదించుకునేది ఈ గుణం వల్లే. కుదించాక పారేసేదాన్ని అసలు పట్టడమే ఎందుకు? 2006లో డోనోహో ఒకవైపు, కాండెస్, రోమ్‌బెర్గ్, టావ్ మరోవైపు దీనికి గణితం కట్టారు. 2007లో మైకేల్ లుస్టిగ్, డోనోహో, పాలీ కలిసి దాన్ని ఎమ్మారైకి తెచ్చారు. పేరు కంప్రెస్డ్ సెన్సింగ్. ఇందులో కిటుకు, గీతల్ని ఒకటి విడిచి ఒకటి అని లెక్కగా కాకుండా చెల్లాచెదురుగా వదలడం. లెక్కగా వదిలితే మడతలు పడతాయి. చెదురుగా వదిలితే ఆ తప్పు నూకలు చల్లినట్టు బొమ్మంతా పలచగా పరుచుకుంటుంది, దాన్ని ఏరేయడం సులువు. స్టాన్‌ఫర్డ్‌లో శ్రేయస్ వాసనవాలా అనే రేడియాలజిస్టు ఈ పద్ధతిని పసిపిల్లల స్కానింగులోకి తెచ్చారు. పసిపిల్లలకి టైము తగ్గడమంటే మత్తు తగ్గడం.

ఆ తర్వాత యంత్రానికే ముగ్గులు నేర్పారు. 2018లో న్యూయార్క్ యూనివర్సిటీ వైద్యకేంద్రం, ఫేస్‌బుక్ పరిశోధన విభాగం కలిసి ఫాస్ట్ఎమ్మారై అనే పని మొదలుపెట్టాయి. దాదాపు 1,500 మోకాలి స్కాన్ల ముడి గీతల్ని, మనుషుల పేర్లు తీసేసి, ప్రపంచంలో ఎవరైనా వాడుకోవచ్చని బయటపెట్టాయి. వేలకొద్దీ బొమ్మలు చూసి నేర్చుకున్న ప్రోగ్రామ్, నాలుగో వంతు గీతలతో మోకాలి బొమ్మ కట్టింది. మామూలు బొమ్మ చూసినా, ఇది చూసినా రేడియాలజిస్టులు రాసే రిపోర్టులో తేడా రాలేదని 2020లో ప్రచురించారు. 2020 ప్రాంతం నుంచి పెద్ద కంపెనీలు ఒక్కొక్కటిగా తమ తమ పేర్లతో ఇలాంటివి అమ్మడం మొదలుపెట్టాయి. మా సెంటర్లో రెండేళ్ల క్రితం పాత 1.5 టెస్లా యంత్రానికే ఆ ప్యాకేజీ వేయించారు. అయస్కాంతం అదే, గది అదే, నేనూ అదే. తాతకి నాలుగు నిమిషాలు పట్టిన టీ2 ఇప్పుడు దగ్గరదగ్గర రెండు నిమిషాల్లో అయిపోతోంది. పాత బొమ్మ కంటే మసక కూడా తక్కువే.

మా సెంటర్లో అప్పటికే ఆ ప్యాకేజీ ఉందిగా మరి, తాతకి నాలుగు నిమిషాలెందుకు పట్టిందంటారా? ఆ రోజు ప్యాకేజీ ఉన్న గది ఖాళీ లేదు. పక్క గదిలో పాత పద్ధతి యంత్రంలో పెట్టాం. రెండు గదుల మధ్య తేడా ఒక లైసెన్సు కాగితం.

ఇక్కడే మీ టెండరు సంగతి. నేను చూసిన కొటేషన్లలో టెస్లా ఎంత, బోరు (మనిషి దూరే సొరంగం) వెడల్పెంత, ఛానళ్లెన్ని (కాయిళ్ల నుంచి ఒకేసారి వినే దారులు) అని మొదటి పేజీలోనే ఉంటాయి. ఈ రీకన్‌స్ట్రక్షన్ ప్యాకేజీలు ఆఖరి పేజీల్లో "ఆప్షనల్" కింద ఉంటాయి, వాటి ధర వేరు. ఎల్1, అంటే అందరికన్నా తక్కువ ధర వేసింది, ఎవరని చూసేటప్పుడు ఆప్షనల్‌ని లెక్కలోకి తీసుకోరు. దాంతో తక్కువ ధర గెలుస్తుంది, వేగం లేని యంత్రం వస్తుంది. కొన్నాక అడిగితే కంపెనీ చెప్పిందే రేటు. కారు కొని స్టెప్నీకి విడిగా బేరమాడినట్టుంటుంది. నా మనవి ఏమిటంటే, దాన్ని ఆప్షనల్ పేజీలోంచి తీసి మొదటి పేజీలో పెట్టండి. "ఏఐ ఉన్న యంత్రం" అని ఊరికే రాస్తే ఏదో ఒక బొమ్మని చివర్లో నునుపు చేసే ప్రోగ్రామ్ పెట్టి అదే ఏఐ అంటారు. ముడి గీతల నుంచే బొమ్మ కట్టేది కావాలని రాయండి. నడుం, మెదడు, మోకాలు, తుంటి, కాలేయం, ఈ అయిదింటికీ ఫలానా స్పష్టతతో ఇన్ని నిమిషాల్లో తీసి చూపించాలని రాయండి. కాయిళ్లు కూడా అందులోనే అడగండి. కాయిళ్లు తక్కువైతే ఏ లెక్కా మడత విప్పలేదు.

వేగమంటే ఇంకొక రకం కూడా ఉంది, దాని గురించీ చెప్పాలి. మా పిన్నికి మోకాలి నొప్పి వస్తే దగ్గర్లోని ఒక పట్టణంలో ఎమ్మారై తీయించారు. ఏ ఊరో, ఏ సెంటరో ఇక్కడ అనవసరం. "పది నిమిషాల్లో అయిపోయిందిరా" అని సంబరపడింది పాపం. ఫిల్ము చూస్తే మూడే సీక్వెన్సులున్నాయి, మోకాలిని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మలు లేవు, ఉన్న బొమ్మల్లోనూ ఒక్కో పొర మందంగా తీశారు. రిపోర్టులో "చీలిక ఉండొచ్చు, లేకపోవచ్చు" అన్న అర్థమొచ్చేట్టు ఒక వాక్యం. మళ్లీ రైలెక్కి నా దగ్గరికే వచ్చింది. అక్కడ వాళ్లు గీతలు తగ్గించి లెక్కతో పూడ్చలేదు, బొమ్మల్నే తగ్గించారు. స్కానుకి ఇంత అని డబ్బు కట్టే కాంట్రాక్టు రాస్తే ఈ పని ఎవరికైనా మనసులో మెదులుతుంది. అందుకని ఏ స్కానులో ఏయే సీక్వెన్సులు తప్పనిసరో కాంట్రాక్టులో రాసి, నెలకోసారి ఎవరైనా రేడియాలజిస్టు చేత పదో ఇరవయ్యో స్కాన్లు తీసి చూపించండి.

మళ్లీ మా అమ్మ ముగ్గు దగ్గరికి వస్తాను. వాకిట్లో ముగ్గుని ఎవరో కావాలనే ఒకచోట తెంపి వేశారనుకోండి. అక్కడ చుక్కలు కొన్ని చెరిగాయి. మా అమ్మ చెయ్యి అలవాటుకొద్దీ ఆ తెంపుని కూడా కలిపేస్తుంది. ముగ్గంటే కలిసే ఉండాలి కదా అని. మోకాలి మృదులాస్థిలో సన్నటి చీలిక అలాంటి తెంపే. వేల మోకాళ్లు చూసి "మోకాలంటే ఇలా ఉంటుంది" అని నేర్చుకున్న ప్రోగ్రామ్, గీతలు మరీ తక్కువిస్తే, చీలికని నునుపుగా కలిపేయగలదు. లేనిదాన్ని పుట్టించనూగలదు. ఇది నా భయమే అయితే మీ టైము తినేవాణ్ణి కాను. ఫాస్ట్ఎమ్మారై వాళ్లు 2020లో పెట్టిన పోటీలో, కొన్ని బొమ్మల్లో లేని రూపాలు కనబడుతున్నాయని రేడియాలజిస్టులే ఎత్తిచూపారు. అదే ఏడాది ఆంటున్, హాన్సెన్ బృందం ఇంకొకటి చూపించింది. లోపలికిచ్చే డేటాలో కంటికి ఆనని మార్పు చేస్తే కొన్ని ప్రోగ్రాములు కట్టే బొమ్మ పూర్తిగా చెడిపోతోంది, చిన్న చిన్న వివరాలు మాయమవుతున్నాయి. పాత పద్ధతిలో తప్పు జరిగితే బొమ్మ చూడగానే తెలుస్తుంది, నీడలో, ఇసకో. ఈ పద్ధతిలో తప్పు కూడా అందంగా ఉంటుంది. నాకు నిద్రపట్టనిది దానికే.

అందుకని వద్దనను. రెండు రెట్లు, మూడు రెట్లు వేగంలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుందని రోజూ చూస్తున్నాను. "మా యంత్రం ఎనిమిది రెట్లు" అని ఎవరైనా అంటే మాత్రం ఆగి, ఏ అవయవానికి, ఎవరి మీద పరీక్షించారని అడగండి. ఇక్కడ "ఎవరి మీద" అన్న మాట మన జిల్లాలకి చాలా ముఖ్యం. ఈ ప్రోగ్రాములు నేర్చుకున్నది ఎక్కువగా అమెరికా, యూరప్ మోకాళ్ల మీద, మెదళ్ల మీద. మన వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు. ఆ జబ్బున్న పిల్లలకి తొడ ఎముక తలకాయకి రక్తం అందక ఎముక చచ్చిపోతుంది. ఎక్స్‌రేలో కనబడే వేళకి ఆలస్యమైపోతుంది, ముందే పట్టుకోగలిగేది ఎమ్మారైనే. ఆ తుంటి మామూలు తుంటిలా ఉండదు. ఎముక మజ్జ రంగే వేరుగా ఉంటుంది. మామూలు తుంటి మాత్రమే చూసి నేర్చుకున్న ప్రోగ్రామ్‌కి అది అలవాటు లేని ముగ్గు.

కాబట్టి యంత్రం పెట్టాక డబ్బు మొత్తం కట్టేముందు, స్థానికంగా ఒక యాభై మందికి రెండు రకాలుగానూ తీయించండి. పాత పద్ధతిలో ఒకసారి, వేగంగా ఒకసారి, అందులో సికిల్ సెల్ తుంటులు కూడా ఉండాలి. ఏది ఏ పద్ధతో చెప్పకుండా రేడియాలజిస్టుల ముందు పెట్టండి. రెండోది, ముడి గీతల డేటాని కొంతకాలమైనా దాచాలని షరతు పెట్టండి. యంత్రాలు మామూలుగా బొమ్మ కట్టగానే ముడి గీతల్ని తుడిచేస్తాయి. డేటా ఉంటే అనుమానమొచ్చిన రోజు పాత లెక్కతో మళ్లీ కట్టి చూడొచ్చు, రోగిని మళ్లీ రైలెక్కించక్కర్లేదు. రిపోర్టు మీద "వేగవంతమైన పద్ధతిలో తీసినది" అని ఒక్క ముక్క కూడా రాయించండి, చూసే డాక్టరుకి తెలియాలిగా.

ఇక లెక్కలు. రోజుకి పన్నెండు గంటలు నడిపితే 720 నిమిషాలు. స్కానుకి 25, మనిషిని మార్చడానికి 10, మొత్తం 35. ఇరవై మంది. స్కాను 12 నిమిషాలకి దిగితే 22. ముప్ఫై రెండు మంది. టైము సగమయ్యింది గాని మనుషులు రెట్టింపు కాలేదు చూశారా? ఆ పది నిమిషాలు ఏ లెక్కకీ లొంగవు. ఆ పది నిమిషాల్లో ఏం జరుగుతుందో ఎప్పుడైనా వచ్చి చూడండి. పెద్దావిడ కాలివేలికి ముప్ఫై ఏళ్లుగా కదలని మట్టెలు. అవి కరెంటు పట్టి వేడెక్కొచ్చు కాబట్టి తీయాలి. సబ్బునీళ్లు రాయాలి, దారం చుట్టాలి, ఆవిడేమో మొగుడున్నదాన్ని తీయనంటుంది. మొలతాడుకి తాయెత్తు. రవికకి ఇనప హుక్కులు. ఇనప స్ట్రెచర్ మీద వచ్చినవాణ్ణి అయస్కాంతానికంటని స్ట్రెచర్ మీదకి మార్చాలి, అది ఉండేదేమో ఒక్కటే. యంత్రం వేగమైనకొద్దీ వరస అంతా బట్టలు మార్చుకునే గది ముందుకి జరుగుతుంది. కనుక రెండో స్ట్రెచరు, రెండో గది, తెలుగూ ఒడియా రెండూ వచ్చిన ఒక ఆయా, ఇవి కూడా టెండరులోనే. కోట్ల యంత్రం పక్కన వీటి ఖర్చు చిల్లర.

కరెంటు గురించి ఒక్క మాట. అయస్కాంతం లోపల ద్రవ హీలియం ఉంటుంది, సున్నాకి దిగువన 269 డిగ్రీల దగ్గర. దాన్ని చల్లగా ఉంచే కంప్రెసర్‌కి రాత్రీపగలూ కరెంటు కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో ఎన్ని రోజులు చీకటిగా ఉందో మీకు నేను చెప్పాలా. జనరేటరు కంప్రెసర్‌కీ చిల్లర్‌కీ కూడా ఉండాలి, లైట్లకీ ఏసీకీ మాత్రమే కాదు.

ఆఖరిది చిన్న విషయం, కాని నన్నడిగితే దీన్నే ముందు పెట్టేవాణ్ణి. కాలేయం స్కానులో ఊపిరి బిగబట్టాలి. పాత పద్ధతిలో ఇరవై సెకన్లు, వేగం పద్ధతిలో పది పన్నెండు సెకన్లకి తగ్గించొచ్చు. ఆయాసమున్న మనిషికి ఈ ఎనిమిది సెకన్లే స్కాను అయ్యిందా లేదా అన్నది తేలుస్తాయి. కాని ఊపిరి బిగబట్టమని చెప్పేది యంత్రంలో రికార్డయి ఉన్న గొంతు, ఇంగ్లీషులోనో హిందీలోనో. రెండు నెలల క్రితం ఒక సవర అవ్వ వచ్చింది, మహేంద్రగిరి కింద ఊరు. గొంతు వినబడిన ప్రతిసారీ ఎవరో పిలిచారనుకుని తలెత్తి చూసింది. నాలుగుసార్లు పాడయింది. చివరికి మనవణ్ణి, ఒంటి మీద ఇనుము లేదని చూసుకుని, చెవులకి దూది పెట్టి లోపలికి పంపాను. వాడు అవ్వ పాదం పట్టుకుని సవరలో ఏదో అన్నాడు. అవ్వ ఊపిరి ఆపింది. ఒక్కసారికే బొమ్మ వచ్చింది, అద్దంలా.

ఆ గొంతుని మార్చుకునే సౌకర్యం చాలా యంత్రాల్లో ఉంది. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ మార్చరు. మీరు ఎక్కడ యంత్రం పెట్టినా తెలుగు గొంతు నేనిస్తాను, డబ్బేమీ అక్కర్లేదు. ఒడియాకి మా సెంటర్లో బరంపురం అమ్మాయి ఒకామె ఒప్పుకుంది. సవరకి ఆ మనవణ్ణే అడిగాను. ఇంటర్ చదువుతున్నాడు, పరీక్షలయ్యాక వస్తానన్నాడు.

ఇట్లు,
పర్లాకిమిడి వాడైన ఒక ఎమ్మారై టెక్నీషియన్